పెద్దది కదలదమ్మా

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ అడుగులు వేస్తుందని నాకొక్కదానికే తెలుసు. కనీసం మొన్నమొన్నటిదాకా నేను అలాగే అనుకున్నాను. బట్టలు నానబెట్టి, ఉతికి, జాడించినంతసేపూ అది బుద్ధిగానే ఉంటుంది. ఆఖర్న పిండటానికి డ్రమ్ము గిర్రున తిరగడం మొదలెట్టిందా, ఇక దాని అసలు రంగు బయటపడుతుంది. తడిసిన తువ్వాలు ఒక్కటి ఒక పక్కకి చేరితే చాలు, ఇద్దరు పట్టినా లేవని ఆ మెషిను దడదడలాడుతూ బెత్తెడు ముందుకి జరుగుతుంది. మా వెనక వసారా ఇరుకు. మెషిను ఒక మూల, దాని పక్కనే స్నానాలగది. గది మరీ చిన్నదని తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టారు. నీళ్ళు పోవడానికి నేల ఆ తలుపు వైపే వాలుగా ఉంటుంది. అందుకని మెషిను ఎప్పుడు కదిలినా అటే కదులుతుంది. నేను బట్టలన్నీ తీసి బకెట్లో వేసుకుని, తుంటితో ఒక్క తోపు తోసి దాన్ని మళ్ళీ మూలకి పంపిస్తాను. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి తుంటి. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. అది పుట్టకముందు కొన్న మెషిను ఇది. అప్పట్నించీ తోస్తూనే ఉన్నాను. తోస్తున్నానన్న సంగతి నాకే గుర్తుండదు.

ఎప్పుడో ఒకసారి మా ఆయనతో అన్నాను, మెషిను కదులుతోందండీ, ఎవరికైనా చూపించండి అని. ఆయన పేపరు దించకుండానే "అంత బరువైంది ఎలా కదుల్తుందోయ్?" అన్నారు. నేనూ వదిలేశాను. ఒక్క తోపుతో అయిపోయేదానికి వాదనెందుకు? ఇంట్లో ఇలాంటివి బోలెడు. గ్యాసు అయిపోకముందే చెప్పి తెప్పించడం, సబ్బు అరిగేలోగా కొత్త సబ్బు పెట్టడం, అమ్మాయికి బూట్లు బిగుతవుతున్నాయని దానికంటే ముందు కనిపెట్టడం, అత్తయ్య మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దడం, ఫ్రిజ్‌లో వెనక్కి పోయిన గిన్నెని బూజు పట్టకముందే వెలికి తీయడం. వీటిల్లో ఏ ఒక్కటీ పని అనిపించుకోదు. చేసినంతకాలం ఎవరికీ కనబడదు, మానేసిన రోజు మాత్రం అందరికీ కనబడుతుంది. "చిన్న పనే కదా" అంటారు ఈయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నువ్వు గోరంతని కొండంత చేస్తావు" అని కూడా అంటారు. ఆ మాటకి నాకు కోపం రావాలి. నవ్వొస్తుంది. ఎందుకంటే నా ఉద్యోగం అచ్చంగా అదే.

గోరంత దానివల్ల కొండంత దానికి ఏమవుతుందో లెక్కగట్టడానికి నాకు జీతం ఇస్తారు. దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ నడిబొడ్డునా ఒక మహా కృష్ణబిలం తిష్ఠ వేసుక్కూర్చుని ఉంటుంది, లక్షల సూర్యుళ్ళ బరువుతో. ఒక్కోసారి పట్టుమని పది సూర్యుళ్ళ బరువు కూడా లేని చిన్న కృష్ణబిలం ఒకటి దానికి చిక్కుతుంది. చిక్కింది కదా అని గుటుక్కున పడిపోదు. చుట్టూ తిరుగుతుంది. లక్ష చుట్లయినా తిరుగుతుంది. దగ్గరికొచ్చి రివ్వున మలుపు తిరిగి, దూరం జరిగి, మళ్ళీ వచ్చి, ఒకసారి నడిచిన దారిలో మళ్ళీ నడవకుండా తిరుగుతుంది. తిరిగినంతసేపూ చోటు అనేదే సన్నగా అలలెత్తుతుంది. అవే గురుత్వ తరంగాలు. మన దాకా వచ్చేసరికి అవి ఎంత సన్నబడతాయంటే, మన ఒంట్లోంచి వెళ్తూ మనల్ని సాగదీసి ముడిచినా మనకి తెలియదు. ఇది మొదటిసారి చదివిన రోజు నేను బస్సులో నిలబడి ఉన్నాను. పక్కావిడ బుట్ట నా కాలి మీద ఉంది. కాలు నొప్పి తెలియలేదు, నా స్టాపు దాటిపోయిందీ తెలియలేదు. చివరి స్టాపులో దిగి, నాలో నేను నవ్వుకుంటూ నడిచి వెనక్కి వచ్చాను. ఆ సంతోషం ఇవాళ్టికీ తగ్గలేదు. ఇంట్లో ఎవరు ఏమన్నా నేను పెద్దగా చిన్నబుచ్చుకోకపోవడానికి కారణం నా సహనం అనుకుంటారు చుట్టాలు. సహనం కాదు, పరధ్యానం.

ఆ ఉద్యోగం ఏమిటని మా ఇంట్లో కూర్చోబెట్టి అడిగింది అత్తయ్య ఒక్కతే. ఒక ఆదివారం వంటింటి కిటికీ దగ్గర బఠానీలు వలుస్తూ అడిగింది.

"ఆ అలల్ని దేంతో పట్టుకుంటారే?"

"మూడు వ్యోమనౌకలు త్రిభుజంలా సూర్యుడి చుట్టూ తిరుగుతూ పట్టుకుంటాయి అత్తయ్యా."

"ఎక్కడున్నాయి అవి?"

"ఇంకా ఎగరలేదు. చాలా ఏళ్ళు పడుతుంది."

అత్తయ్య వలవడం ఆపింది. "మరి నువ్వు రోజూ టిఫిను డబ్బా కట్టుకుని వెళ్ళి దేన్ని వింటున్నావు?"

అప్పుడు పోటీ గురించి చెప్పాను. అవి ఎగిరేలోగా మాకు చెవులు తయారవ్వాలి కదా. అందుకని కొందరు కలిసి ఏడాది పొడవు రొదని కంప్యూటర్లో తయారుచేసి, అందులో అలాంటి ఒకే ఒక్క కృష్ణబిలాల జంట రేపే అలని దాచిపెడతారు. దేశదేశాల జట్లు దాన్ని వెతకాలి. పెద్దదాని బరువెంత, అది ఎంత జోరుగా తన చుట్టూ తాను తిరుగుతోంది, చిన్నది ఏ దారిన వచ్చింది, అన్నీ చెప్పాలి. ఎవరి జవాబు దాచినదానికి దగ్గరగా ఉంటే వాళ్ళు పెద్ద సభలో వచ్చి ఎలా పట్టుకున్నారో చెప్తారు.

అత్తయ్య అంతా విని, గిన్నె ఒళ్ళోంచి దించి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అంది.

ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆ రోజునించీ మా ఇంట్లో ఆ దాగిన అల పేరు సోమలింగం. సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే లోపల్నించి కేకేస్తుంది. "ఏమే, సోమలింగం దొరికాడా?"

దొరకలేదు. దొరకకపోవడానికి కారణం చెప్పాలంటే మా ప్రొఫెసర్‌గారి గురించి చెప్పాలి. మంచివారు. మంచివారితోనే అసలు చిక్కు, దెబ్బలాడటానికి పట్టు దొరకదు. మా జట్టులో పెద్దది చిన్నదాన్ని ఎలా తిప్పుతుందన్నది పెద్ద లెక్క. అది ఆయనా, ఆయన పాత శిష్యులూ చేస్తారు. చిన్నది పెద్దదాన్ని ఏం చేస్తుందన్నది చిల్లర లెక్క. అది నాది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన నన్ను "మా చిల్లర లెక్కల మేడమ్" అని ఎంతో ఆప్యాయంగా పరిచయం చేస్తారు. చిన్నది తిరుగుతున్నంతసేపూ దాని శక్తిలో కొంత పెద్దదానిలోకి దిగుతుంది. దాంతో పెద్దది పిసరంత బరువెక్కుతుంది, దాని తిరుగుడు పిసరంత మారుతుంది. ఆ పిసరు ఎంతో ప్రతి చుట్టుకీ నా లెక్క చెప్పేది. అది మొదటిసారి చూపించిన రోజు ఆయన నవ్వారు.

"పెద్దది కదలదమ్మా. ఆ మార్పు పట్టించుకుంటూ పోతే మనం ముందే కట్టి పెట్టుకున్న లెక్కల పట్టికలన్నీ మొదట్నించీ కట్టాలి. కంప్యూటరుకి ఊపిరాడదు. చుట్టు అవగానే పెద్దదాన్ని మళ్ళీ మొదట ఎలా ఉందో అలా పెట్టెయ్."

పెట్టేశాను. ప్రోగ్రాములో ఒక్కటంటే ఒక్క వరుస, నా చేత్తో రాసింది. రాసి, "పర్వాలేదు సార్" అన్నాను. ఈ పర్వాలేదు అనేది నా నోటికి ఎంత అలవాటంటే, ఎవరైనా నా కాలు తొక్కినా వాళ్ళు సారీ చెప్పకముందే నేను పర్వాలేదనేస్తాను.

మా జట్టులో ఇంకొకతని గురించి కూడా చెప్పాలి. అతని ముద్దుపేరు మైకు. ఎవరి ఫలితమైనా సభల్లో చెప్పేది అతనే. గొంతు బాగుంటుంది, ఒడ్డూ పొడుగూ బాగుంటాయి, ఎక్కడ ఆగితే జనం నవ్వుతారో తెలుసు. అతని ఉపన్యాసానికి బొమ్మలు నేను గీసిస్తాను. ఎవరు ఏం ప్రశ్న అడుగుతారో ఊహించి జవాబులు రాసిస్తాను. అతను వాటిని కంఠతా పట్టి, అప్పుడే తట్టినట్టు గడ్డం నిమురుకుంటూ చెప్తాడు. ఆఖర్న "ఇందులో మా మేడమ్ సాయం కూడా ఉంది" అంటాడు, కూరలో ఉప్పు కూడా వేశాం అన్నట్టు. పాపం చెడ్డవాడు కాదు. ఎవరో అతనికి చిన్నప్పుడు నువ్వు మాట్లాడు అని చెప్పారు, నాకు ఎవరో నువ్వు తర్వాత మాట్లాడుదువుగాని అని చెప్పారు, అంతే.

పోటీ గడువు దగ్గర పడుతోంది. మేం లెక్కగట్టిన అలా, రొదలో దాగిన అలా మొదట్లో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవి. నెలలు గడిచేకొద్దీ ఎడం వచ్చేది. ఏడాది చివరికొచ్చేసరికి ఒకటి కుడికాలు వేస్తే ఇంకొకటి ఎడమకాలు. ప్రొఫెసర్‌గారు రొద ఎక్కువైందన్నారు. మైకు మన కంప్యూటరు పాతదన్నాడు. నేను మాత్రం ఎక్కడ తప్పుతోందో చూద్దామని పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మెషిన్లో బట్టలు వేసి, బొత్తాం నొక్కి వెళ్ళిపోయేదాన్ని. బడినుంచి వచ్చాక మా అమ్మాయి తీసి ఆరేసేది. తీసేది, ఆరేసేది. తొయ్యాలని దానికి ఎవరు చెప్పారు గనక?

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం పొద్దున, నేను భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ రెండు అలల్ని పక్కపక్కన చూసుకుంటూ కూర్చున్నాను. మెషిన్లో దుప్పట్లు పడ్డాయి. ఈయన స్నానానికి వెళ్ళారు. స్నానంలో ఆయనకి పాటొస్తుంది, మాకు తలనొప్పి వస్తుంది. అత్తయ్య కిటికీ దగ్గర బఠానీలు వలుస్తోంది. వసారాలో దడదడ మొదలై, పెరిగి, దబ్బుమని ఏదో తగిలిన చప్పుడైంది. పాట ఆగిపోయింది.

"ఏమోయ్! తలుపు రావట్లేదు!"

మా అమ్మాయి పరిగెత్తింది. "నాన్నా, మెషిన్ అడ్డం వచ్చింది!"

"ఏ మెషిన్?"

"వాషింగ్ మెషిన్!"

"అక్కడికెందుకు తెచ్చారు దాన్ని?"

"ఎవరూ తేలేదు. అదే వచ్చింది!"

"వేళాకోళాలాడకు. అంత బరువైంది ఎలా వస్తుంది?"

మా ఆయన ఉద్యోగం చెప్పలేదు కదా. లిఫ్టుల తనిఖీ ఇంజినీరు. ఊళ్ళో జనం లిఫ్టుల్లో ఇరుక్కుపోకుండా చూడటం ఆయన పని. ఆ మనిషి సొంత ఇంట్లో, ఒంటినిండా సబ్బుతో, తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రం కనబడేలా నిలబడి, "ముందు కరెంటు ఆపండి, తర్వాత సిబ్బందికి కబురు చెయ్యండి" అని ఎప్పుడూ చెప్పే వరసలో చెప్తున్నారు. సిబ్బంది ఎవరంటే మేమే. మా అమ్మాయి "నాన్నా, లోపల ఎంతమంది ఉన్నారు? గాలి ఆడుతోందా?" అని అడిగింది. అత్తయ్య చెంగు నోట్లో కుక్కుకుంది. నేను గోడకి చేరగిలబడిపోయాను. కడుపు పట్టుకుని, ఊపిరి అందక, చాలా ఏళ్ళకి నవ్వాను అలా. ఆ నవ్వుతోనే వెళ్ళి మెషిను ఆపి, పక్కకి తిరిగి తుంటితో ఒక్కటిచ్చాను. తలుపు వచ్చింది.

ఆయన తువ్వాలు కట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతోనే వెళ్ళి తన పనిసంచీలోంచి రసమట్టం తెచ్చారు. వాలు చూసే ఆ గొట్టాన్ని నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, అందులో బుడగ ఎటు జరిగిందో చూశారు. మెషిను కాళ్ళు పట్టుకుని ఊపి చూశారు. ఇక లిఫ్టు ఇంజినీరు గొంతు వచ్చేసింది.

"నేల వాలుగా ఉంది. ముందుకాలు ఒకటి అరిగిపోయింది. ఇలా ఉంటే ఇది ఉతికిన ప్రతిసారీ జరగాలే... మరి ఇన్నాళ్ళూ ఎందుకు కదల్లేదు?"

డ్రమ్ములోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. కిటికీ దగ్గర్నించే అత్తయ్య అంది.

"కదలకేం, కదిలిందిరా. అది వెనక్కి తోస్తోంది."

"ఎవరు?"

"నీ పెళ్ళాం. అంతకుముందు పాతదాన్ని నేను తోసేదాన్ని. ఈ నేల ఇవాళ కొత్తగా వాలిందా ఏం?"

నేను అత్తయ్య కేసి చూశాను. "మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలీకేం. మెషిను ఆగాక నీ తోపు చప్పుడు రోజూ వినబడుతూనే ఉంటుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు నాకు చెప్పావా?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒకే ఇంట్లో, ఒకే వసారాలో, ఒకరి తర్వాత ఒకరం ఒకే బరువుని తోస్తూ, ఇది చెప్పుకోదగ్గ విషయమా అని ఎవరికి వాళ్ళం మింగేశాం. నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడ నా చేతిలో గుప్పెడు బఠానీలు పోసింది. ఈయన ఇంకా బుడగ కేసే చూస్తున్నారు. "ప్రతిసారీనా? అన్నేళ్ళూనా?" అంటున్నారు. మొహంలో వెటకారం లేదు. ఎక్కిన ప్రతి లిఫ్టు తీగనీ తడిమి చూసే మనిషి, ఇంట్లో ఒక తీగ తన కంట పడలేదని నిజంగా సిగ్గుపడ్డారు.

ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు కదల్లేదు? బఠానీలు నములుతూ ల్యాప్‌టాప్ ముందుకి వచ్చి కూర్చున్నాను. ఆ రెండు అలలు ఎడం అయ్యే చోట చూపు నిలిపాను. ప్రోగ్రాము తెరిచాను. ఎక్కడో వెతకనక్కర్లేదు, అది నేను రాసిన వరుసే. చుట్టు అవగానే పెద్దదాన్ని మళ్ళీ మొదట ఎలా ఉందో అలా పెట్టెయ్. తువ్వాలంత చిన్నది లక్షసార్లు ఊపితే పెద్దది జరగదా? జరుగుతుంది. ప్రతి చుట్టుకీ పిసరంత జరుగుతూనే ఉంది. నేను ప్రతి చుట్టుకీ దాన్ని పుట్టినప్పటిలా సర్ది పెడుతున్నాను. ఇంట్లో ఏ పని చేస్తున్నానో ఆఫీసులోనూ అదే పని చేస్తున్నాను, అదీ జీతానికి!

ఆ వరుస కొట్టేశాను. ఎవరినీ అడగలేదు. నా వంతుకి వచ్చే కంప్యూటరు సమయం ఎప్పుడూ మిగిలిపోయేది, ఎవరికో ఒకరికి పర్వాలేదు వాడుకోండి అని ఇచ్చేసేదాన్ని. ఈసారి అంతా నా లెక్కకే పెట్టుకున్నాను. పట్టికలు మొదట్నించీ కట్టుకుంటూ కంప్యూటరు రోజుల తరబడి నడిచింది. ఆ రోజులన్నీ నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. గురువారం మధ్యాహ్నం, టీ కప్పు పట్టుకుని తెర ముందు నిలబడ్డాను. ఒక అల మీద ఇంకో అల వచ్చి పడింది. మొదటి నెల కలిసింది. ఆర్నెల్లప్పుడు కలిసింది. వేలు పెట్టి ఏడాది చివరిదాకా జరుపుకుంటూ వెళ్ళాను, ఎక్కడా ఎడం లేదు, అడుగులో అడుగు. నేను కేక పెట్టాను. టీ ఒలికిపోయింది. పక్కగదిలోంచి మైకు పరిగెత్తుకొచ్చి, ఎవరైనా పోయారా అని అడిగాడు.

"పోలేదు. దొరికాడు" అన్నాను.

సాయంత్రం ఆ అలని చెవికి వినబడేంత వేగం పెంచి ఇంట్లో వినిపించాను. గుర్రుగుర్రుమంటూ మొదలై, మధ్యమధ్య గబగబా ఏదో గొణిగి, మళ్ళీ నెమ్మదించి, చివరికి పోనుపోను గొంతు పెంచి, ఠక్కున ఆగిపోతుంది. మా అమ్మాయి దానికి తగ్గట్టు హాలంతా గెంతింది. అత్తయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా విని చెప్పింది. "వీడు అచ్చం మీ మావయ్యలాగే సణుగుతున్నాడే."

జవాబులు పంపించాం. దాచినదానికి అందరికంటే దగ్గరగా వచ్చింది మాదే. సభ మొదటిరోజు, మొదటి ఉపన్యాసం మా జట్టుకే ఇచ్చారు. ప్రొఫెసర్‌గారు స్వీట్లు పంచారు. నా భుజం తట్టి, "చిల్లర పోగైతే పెద్ద మొత్తమేనమ్మా" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగులో ఉండగానే ఆయన ఇంకో మాట అన్నారు.

"నువ్వు ఎప్పట్లాగే రాసిచ్చేస్తే మన మైకు చెప్పేస్తాడు. దూరాభారం, వారం రోజులు. నీకు ఇల్లుంది, పిల్ల పరీక్షలున్నాయి. నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు."

పర్వాలేదు సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపాను. ఉత్తినే తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి చెప్తే ఈయన అలవాటు ప్రకారం "పోనీలే, ఎవరు చెప్తే ఏం? పేరు ఉంటుందిగా" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే అత్తయ్య గిన్నె ఠప్పున పెట్టింది.

"సోమలింగాన్ని కన్నది ఇదీ, ఎత్తుకుని ఊరేగేది వాడూనా?"

"అది కాదమ్మా, వారం రోజులంటే... పిల్లకి పరీక్షలు కదా."

"పరీక్షలు నాకు నాన్నా, అమ్మకి కాదు" అంది మా అమ్మాయి.

నాకు వెళ్ళాలని ఉంది. ఎంత ఉందో ఆ పూట తెలిసింది. లక్ష చుట్లు తిరిగిన ఆ చిన్నదాని గురించి, కదిలిన ఆ పెద్దదాని గురించి నా గొంతుతో, నాకు తోచిన చోట ఆగుతూ, నేను చెప్పాలి. కానీ దెబ్బలాడటం నాకు చేతకాదు. ఆయనతో వాదించబోయినా చివరికి పర్వాలేదనే అంటానని తెలుసు. ఆలోచించి ఆలోచించి, వసారాలో ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. అక్కడ నేను ఎవరితో దెబ్బలాడాను? ఎవరితోనూ కాదు. తొయ్యడం మానేశాను, అంతే.

మర్నాటినుంచి నా పని నేను చేసుకున్నాను. ఫలితం రాశాను, అందరికీ పంచాను. ఉపన్యాసానికి బొమ్మలు గీయలేదు. ప్రశ్నలూ జవాబులూ రాయలేదు. వారం గడిచాక మైకు నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, జవాబుల కాగితం ఇంకా రాలేదు."

"ఈసారి రాయలేదండీ."

"ఎప్పుడు రాస్తారు?"

"రాయనండీ."

అతను లోపలికొచ్చి కూర్చున్నాడు. కాసేపు నా బల్ల మీద పెన్ను తిప్పాడు. "పెద్దది కదిలితే మనకెలా తెలిసింది అని అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. చెప్పాను. "దానిమీద ఇంకో ప్రశ్న వేస్తే?" అదీ చెప్పాను. మూడో ప్రశ్నకి అతను చేతులెత్తేశాడు. "మేడమ్, ఇది నాకు అర్థం కాదు. ఇన్నాళ్ళూ అర్థమైందనుకున్నాను" అన్నాడు. లేచి తిన్నగా ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళి, అందరికీ వినబడే ఆ మంచి గొంతుతో, "సార్, ఇది నావల్ల కాదు, ఆవిడే చెప్పాలి" అన్నాడు. అతని మీద నాకు ఆ క్షణం ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ప్రొఫెసర్‌గారు నన్ను పిలిపించారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి ఇల్లూ?"

"ఇల్లు ఎక్కడికీ పోదు సార్. మెషినొక్కటే కదులుతుంది. ఈ ఉపన్యాసం నేనే చెప్తాను."

ఆయనకి మెషిను సంగతి అర్థం కాలేదు. రెండో మాట మాత్రం అర్థమైంది. పర్వాలేదు అన్న మాట నా నోటికి రానేలేదు, తమాషాగా.

సభకి బయల్దేరేముందు అత్తయ్య నా పెట్టెలో బఠానీలు వేయించి పెట్టింది. సభ జరిగే హాలు బయట నేను అవి నములుతూ నిలబడి ఉండగా ఫోను మోగింది. ఈయన.

"ఏమోయ్, కొత్త కాలు బిగించానా, కింద రబ్బరు బిళ్ళలు పెట్టానా, అయినా జరిగింది! తలుపు దాకా వచ్చేసింది!"

"అయితే తొయ్యండి."

"తోస్తే కదలట్లేదు. చేతినిండా బట్టలు."

"తుంటితో తొయ్యండి. కుడివైపు తుంటి."

వెనక అత్తయ్య నవ్వు, మా అమ్మాయి "ఇంకా కింద నాన్నా, ఇంకా కింద" అనడం, తర్వాత దబ్బుమన్న చప్పుడు. "వెళ్ళింది! వెళ్ళిందోయ్!" అని ఆయన అరుస్తుంటే నేను ఫోను ఆపి లోపలికి వెళ్ళాను.

హాలు నిండిపోయింది. ముందు వరుసలో ప్రొఫెసర్‌గారు, పక్కన మైకు. నా చేతిలో కాగితం లేదు. సోమలింగాన్ని వినిపించాను. గుర్రుమని మొదలై, గొణిగి, పెరిగి, ఠక్కున ఆగిపోయాడు. అంతమంది ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. వాళ్ళ మొహాలు చూస్తుంటే బస్సులో స్టాపు దాటిపోయిన రోజు నా మొహం ఎలా ఉండి ఉంటుందో తెలిసింది.

"మా లెక్కలో పెద్దది ఇన్నాళ్ళూ ఎందుకు కదల్లేదని మీరు అడుగుతారు" అన్నాను. "అది మొదట్నించీ కదులుతూనే ఉంది. ప్రతి చుట్టుకీ దాన్ని వెనక్కి తోస్తూ వచ్చింది నేను. ఇక తొయ్యను."